చెయ్యి చాపి వేసిన ఓటు

మా ఆయన గుసగుస పెడితే మా గల్లీ మలుపు కాడ కూరగాయల బండామె గూడ తిరిగి చూస్తది. ముప్పై ఏండ్లకు పైగ రైలింజన్ల కూసున్న మనిషి. ఆ మోతకు చెవులు సగం పోయినయి, గొంతు మాత్రం రెండింతలైంది. మేం మెల్లగ మాట్లాడుతున్నమని ఆయనకు కోపం, ఆయన అరుస్తాండని మాకు కోపం. మా ఇంట్ల లొల్లి లేకుండ చాయ్ గూడ కాగది. ఇదంత ఎందుకు చెప్తానంటే, ఆ గొంతు వల్లనే ఆయన బతుకుల మొట్టమొదటి ఓటు పోయినంత పనైంది. పోలే. ఎవరి పుణ్యాన పోలేదో మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలని కూసున్న.

ఆయనది కాజీపేటల లోకో పైలట్ కొలువు. సుట్టాలు ఇప్పటికి 'డ్రైవర్' అనే అంటరు. అన్నప్పుడల్ల "నేను తోలింది బస్సు కాదు" అని మొకం మాడ్చుకుంటడు. పెండ్లైన కొత్తల డోర్నకల్ల ఉన్నం, తర్వాత కాజీపేట క్వార్టర్లకు వచ్చినం. ఏడ ఉన్నా ఒక్కటే తీరు. డ్యూటీకి పిలుపు వస్తది, ఆయన లైన్ బాక్స్ పట్టుకొని పోతడు. లైన్ బాక్స్ అంటే ఒక ఇనుప పెట్టె. అండ్లనే జెండాలు, టార్చిలైటు, రూల్ పుస్తకాలు, నేను కట్టిన సద్ది. ఒకపారి బల్లార్షా దిక్కు, ఒకపారి బెజవాడ దిక్కు. ఎప్పుడు పోతడో తెలుస్తది గని ఎప్పుడొస్తడో ఆ దేవునికే ఎరుక. బతుకమ్మకు లేడు, బిడ్డ పుట్టినప్పుడు లేడు, మా అత్తమ్మ దవాఖానల ఉన్నప్పుడు లేడు.

ఓట్లప్పుడు గూడ అంతే. ఏ ఎలక్షన్ వచ్చినా ఆయన బండి మీదనే. నిజం మాట్లాడుకుంటే అండ్ల సగం తప్పు ఆయనదే. లీవ్ అడగడు. "జనం ఎక్కువుండేది ఆ రోజే, నేను ఆ రోజే లీవ్ అంటే ఎట్లనే" అంటడు. ఓట్లకు ముందు హైదరాబాద్ దిక్కు నుంచి వచ్చే బండ్లను చూడాలె మీరు. కూలికి పోయినోళ్లు, చదువుకు పోయినోళ్లు, పసిపిల్లలను సంకనెత్తుకున్న ఆడోళ్లు, డోర్లకు ఏలాడుకుంట వస్తరు. జనగామల దిగేటోళ్లు దిగుతరు, కాజీపేటల దిగేటోళ్లు దిగుతరు, మిగిలినోళ్లు వరంగల్ల, మానుకోటల దిగుతరు. ఈయన మాత్రం దిగడు, బండి పట్టుకొని ముందుకు పోతడు. పట్టాల పక్కపొంటి సర్కారు బడులు, వాటి ముంగట ఓట్ల లైన్లు ఇంజన్ల నుంచి మంచిగ కనపడుతయట. ఒకనాడు చేతులు కడుక్కుంట నవ్వుకుంట అన్నడు, "అందరిని ఓటు కాడికి మోసిన, నేనొక్కన్నే దిగలే" అని. ఆయన నవ్విండు గని నాకు నవ్వు రాలే.

ఇంకో ముచ్చట. ఓట్లైన తెల్లారో ఆ మర్నాడో డ్యూటీ దిగి వచ్చినంక, చెప్పులన్న ఇడువకముందే నా ఎడమ చెయ్యి అడిగెటోడు. వేలు మీది సిరా మరకను అటు తిప్పి ఇటు తిప్పి చూసెటోడు. "మంచిగ పెట్టిండ్లు" అనెటోడు. నాకేమో చిరాకు. "ముందు బువ్వ తినయ్యా, నా వేలు ఏడికి పోతది" అని గుంజుకునేదాన్ని. ఇన్నేండ్లు ఆయన చూసిన ఎలక్షన్లన్ని నా వేలు మీదనే చూసిండన్నట్టు.

రిటైరైనంక క్వార్టర్ ఖాళీ చేసి, కాజీపేటల్నే ఒక కాలనీల చిన్న ఇల్లు కట్టుకున్నం. ఇల్లు మంచిగనే ఉన్నది, ముంగట మోరితోనే మా పానాలు పోయినయి. వాన పడ్డదంటే ఆ మురికి నీళ్లు గల్మ మెట్టు దాక వస్తయి. చెప్పులు తేలుతయి. ఒకనాడు ఈయన వార్డు పెద్దమనిషి దగ్గరికి పోయి మోరి ముచ్చట చెప్పిండు. ఆయన కూసోబెట్టి చాయ్ పోసిండట, నవ్వుకుంటనే అన్నడట, "చేద్దాం సార్, గని మీ ఇంట్ల ఉన్నది అమ్మ ఓటొక్కటే గద" అని.

ఈయన ఇంటికొచ్చి ఏం మాట్లాడలే. ఎప్పుడు అరిచే మనిషి సప్పుడు చెయ్యకుంటే ఇల్లంత భయమైతది. "ఏమైందయ్యా" అని అడిగితే టీవీ దిక్కు చూసుకుంట కూసున్నడు, టీవీ బందుండంగనే. పొద్దూకినంక అప్పుడు చెప్పిండు. నాకు మండింది చూడుండ్రి! "నేను పోయి ఆ పెద్దమనిషిని అడుగుత, ఆయన పెండ్లికి పోయింది ఏ బండిల, దాన్ని తోలింది ఎవడు" అని లేచిన. ఈయనే ఆపిండు. "వాడన్నదాంట్ల అబద్ధమేమున్నదే. నా ఓటు రాయియ్యి" అన్నడు. తనకంటూ ఏదన్న కావాలని ఆ మనిషి నోరు తెరిచి అడిగింది అదే మొదలు.

మా బిడ్డ కాశిబుగ్గల ఉంటది, అల్లునిది బట్టల దుకాణం. మర్నాడే వచ్చి ఫోన్ల అన్ని నింపింది. ఫోటో దిగాలంటే ఈయన గడ్డం గీసుకొని, తల దువ్వుకొని, గోడకు ఆనుకొని బిర్రుగ నిలబడ్డడు. "బాపు, జర నవ్వే" అంటే "సర్కారు కాగితానికి నవ్వుతరానే" అని కసిరిండు. కొత్త ఓటు అని నింపి పంపినం. కొన్నొద్దులకు ఓట్లు రాసుకునే ఆమె వచ్చింది. అంగన్‌వాడి టీచరమ్మ, ఓట్ల పని గూడ ఆమెదే. గేటు కాడ నిలబడి, "కొత్త ఓటు అంటే పద్దెనిమిదేండ్ల పిల్లగాడు అనుకొని వచ్చిన, తాత ఉన్నడేంది" అని నవ్వింది. ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. "తాతేంది తాత" అని లోపలికి పోయిండు.

ఆ బిడ్డ ఏం అనుకోలే. కూసొని ఫోన్ల చూసి, "అమ్మా, బాపు పేరు డోర్నకల్ల ఇంకా ఉన్నది. ఇది కొత్త ఓటు కాదు, మార్చుకునే ఓటు. దానికి వేరే అర్జీ పెట్టాలె" అన్నది. డోర్నకల్ల ఉన్నప్పుడు ఎవరో ఇంటింటికి తిరిగి రాసుకొని పోయింది నాకు అప్పుడు యాదికొచ్చింది. కాజీపేటకు వచ్చినంక నాది మార్పిచ్చుకున్న గని ఆయనది ఎవ్వరం పట్టిచ్చుకోలే. లోపలి నుంచి ఈయన ఉరికొచ్చిండు. "నా పేరు ఇన్నేండ్లు ఆడ్నే ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"డోర్నకల్ నేను రోజు దాటుకుంట పోయిన గదా!"

ఆ టీచరమ్మకు ఏం సమజ్ కాలే. నాకు సమజైంది. ఏ ఊరి స్టేషన్ల సిగ్నల్ కోసం ఎంత సేపు నిలబడ్డడో ఆ ఊర్లెనే ఆయన పేరు ఆయన కోసం చూసుకుంట కూసున్నది. ఆ బిడ్డ తానే కూసొని రెండో అర్జీ నింపింది. తర్వాత ఒకనాడు ముసురుల, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని మా మోరి దాటి వచ్చి, "పేరు ఎక్కింది బాపు" అని చెప్పి పోయింది. ఫోన్ల చెప్తే సరిపోయేది గదా! ఆమె కడుపు చల్లగుండ. ఓటు చీటీ ఇంటికొచ్చిన నాడు ఈయన దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి లైన్ బాక్స్‌ల దాసిండు.

ఇప్పుడు ఆయనకున్న ఒక అలవాటు చెప్పాలె, లేకుంటే ముందల ముచ్చట మీకు సమజ్ కాదు. ఇంజన్ల ఇద్దరుంటరు, లోకో పైలట్, అసిస్టెంటు. సిగ్నల్ కనపడంగనే ఒకరు చెయ్యి చాపి, వేలు పెట్టి చూపిచ్చి, దాని రంగు గట్టిగ చెప్పాలె. రెండో మనిషి గూడ చూసి, అదే మాట మళ్ల చెప్పాలె. "ఒక్కని కన్ను మోసపోవచ్చు, నిద్ర రావొచ్చు. ఇద్దరు చూసి ఇద్దరు చెప్తె తప్పు జరగది" అని ఆయన ఎన్నోసార్లు చెప్పిండు. మంచిదే, వేల మంది పానాలు వాళ్ల చేతుల ఉంటయి. గని స్కూటర్ మీద ఎందుకయ్యా!

హన్మకొండ పోతుంటే చౌరస్తాల లైటు పడుతది. ఈయన హ్యాండిల్ ఇడిచి చెయ్యి చాపుతడు. "రెడ్!" అని అరుస్తడు. వెనుక కూసున్న నేను "రెడ్" అనాలె. అనకుంటే ఇంకోసారి అరుస్తడు. పక్కన ఆటోల ఉన్నోళ్లు, కాలేజీ పిల్లలు, అందరు మమ్ముల్నే చూస్తరు. సిగ్గుకు సచ్చి ఒక్కసారి అనేస్తే పీడ పోతదని అనుడు మొదలువెట్టిన. గట్ల గట్ల అనీ అనీ నాకే అలవాటైంది. ఇంట్ల "గ్యాస్ బంద్!" అని ఆయన అంటే "బంద్!" అంట. "తాళం పడ్డది!" అంటే "పడ్డది!" అంట. మా బిడ్డ మమ్ముల చూసి "మీ ఇద్దరిది ఇల్లా, ఇంజనా" అంటది.

ఇగ మా కార్పొరేషన్ ఓట్ల రోజు వచ్చింది. పొద్దుగాల లేచి చూస్తే ఆయన అప్పటికే తానం చేసి బూట్లకు పాలిష్ కొట్టుకుంట కూసున్నడు. లైన్ బాక్స్ తలుపు కాడ పెట్టి ఉన్నది.

"ఇదెందుకయ్యా, ఓటుకు పోతానవా, బల్లార్షా పోతానవా?"

"చీటీ, ఆధార్ కార్డు అండ్లనే ఉన్నయి."

"చేతుల పట్టుకోరాదా?"

"పనికి పోయేటప్పుడు పెట్టె లేకుంటే నాకు మంచిగనిపియ్యదు" అన్నడు. బతిమాలి చీటీ, కార్డు జేబుల పెట్టిచ్చి, పెట్టెను ఇంట్లనే ఇడిపిచ్చే వరకు నా తల పానం తోకకొచ్చింది.

మా ఓట్లు పడేది రైలు కట్ట పక్కన సర్కారు బడిల. ఆడోళ్ల లైను వేరే, మొగోళ్ల లైను వేరే ఉన్నా పక్కపక్కనే నిలబడ్డం. సగం మంది రైల్వేల చేసినోళ్లే, ఒకరినొకరు పలకరిచ్చుకునుడు, మోకాళ్ల నొప్పుల ముచ్చట్లు. మేం నిలబడ్డప్పుడే కట్ట మీద ఒక గూడ్స్ బండి పోయింది. ఈయన మాట ఆపి దాన్నే చూసిండు. ఇంజన్ పోయి డబ్బాలు పోతుంటే మెల్లగ, అంటే ఆయన మెల్లగ, "ఇయ్యాల వాడు మనల్ని చూసుకుంట పోతాండు" అన్నడు. లైన్ల అందరు ఇన్నరు. పాత రైలోళ్లు తలలూపిండ్లు.

లోపలికి పోయినం. ముందు ఆయన, ఎనుక నేను. మొదటి టేబుల్ కాడ ఆయన పేరు గట్టిగ చదివితే గోడ పొంటి కూసున్న పార్టీల ఏజెంట్లు తమ కాగితాల మీద గీత కొట్టుకున్నరు. రెండో టేబుల్ కాడ సిరా పెడుతుంటే, "జర మంచిగ పెట్టు తమ్మీ" అన్నడు. ఆ తర్వాత ఓటు కాగితం మడిచి ఇచ్చిండ్లు, ముద్ర ఇచ్చిండ్లు. మా దగ్గర మిషన్ కాదు, కాగితం మీద గుర్తులుంటయి, మనకు నచ్చిన దాని మీద ముద్ర కొట్టి డబ్బల వెయ్యాలె. ఈయన పోయి అట్ట అడ్డు పెట్టిన బల్ల కాడ నిలబడ్డడు. నేను సిరా టేబుల్ కాడ వేలు చాపి నిలబడ్డ.

ఆయన కాగితం ఇప్పి బల్ల మీద పరిచిండు. ఒక అడుగు ఎనుకకు జరిగిండు. భుజం దాక చెయ్యి లేపి, చాపి, వేలు పెట్టి చూపిచ్చి, గది మొత్తం అదిరేటట్టు చదివిండు.

"గొడుగు!"

నా నోరు నన్ను అడగలే. సిరా టేబుల్ కాడి నుంచి అంతే గట్టిగ వచ్చింది.

"గొడుగు!"

(గుర్తు పేరు నేను మార్చి రాస్తాన. నిలబడ్డోళ్లు ఎవరో, ఏ పార్టీలో అడగకుండ్రి.)

 గళ్ల అంగీ తొడుక్కున్న ఏజెంటు ఒకాయన కుర్చీ ఎనుకకు పడేటట్టు లేచిండు. మా కాలనీల పాల దుకాణమాయనే. "మేడం, ఇదేంది మేడం! బయటికి చెప్పుకుంట ఓటేస్తాండు. ఆయన అంటాండు, ఆమె అంటాంది. మొగుడు పెండ్లాలు ఇద్దరు లోపల ప్రచారం చేస్తాండ్లు. కాగితం వాపస్ తీసుకోండ్రి, రూలున్నది" అన్నడు. గొడుగు ఏజెంటు గూడ లేచిండు. "మాకు పడే ఓటు పడంగ నీకెందుకు మంట?" అన్నడు. ఆయన మా దిక్కు మాట్లాడుతున్నననుకున్నడు గని, ఆ మాటతోటి మాకు ఇంకింత బొంద తవ్విండు.

ఆ గదికి పెద్ద ఒక మేడం. చూస్తేనే బడి పంతులమ్మ అని తెలుస్తాంది. "ఇద్దరు కూసోండ్రి" అన్నది. కూసున్నరు. ఈయన దిక్కు తిరిగి, "పెద్దాయనా, ముద్ర కొట్టిండ్రా?" అని అడిగింది.

"ఆఁ?"

"ముద్ర! కొట్టిండ్రా!"

"ఇంకా లే మేడం."

"అయితే కాగితం బోర్లించి పెట్టుండ్రి. ఓటు గుట్టు బయట పెడితే కాగితం వాపస్ తీసుకోవాల్సి వస్తది. ఓటు ఉండది. అది రూలు."

 నా నోట్ల మన్ను పడ! మొట్టమొదటి ఓటు, ఆయన జిందగీల మొట్టమొదటిది, ఆ అట్ట అడ్డు దాక వచ్చి ఆగిపోతాంది, అండ్ల నా నోరు గూడ ఒకటి. ఆయన ఒక్కడంటే ముసలాయన పొరపాటు అని ఊకుందురేమో. నేను ఎనుక నుంచి అన్నందుకే ప్రచారం అయింది. ఆయన మీద కోపం, నా మీద కోపం, ఆ గళ్ల అంగీ మీద కోపం, ఏడుపు, అన్ని ఒక్కసారే వచ్చినయి. ఆయనను చూసిన. కాగితం బోర్లించి, దాని మీద రెండు చేతులు పెట్టి నిలబడి ఉన్నడు. అరుస్తడనుకున్న. అరవలే. మోరి ముచ్చట నాడు ఎట్ల ఉన్నడో అట్లనే ఉన్నడు.

ఇగ నాతోటి కాలే. "మేడం, ఆయన ఓటు చెప్పలే. సిగ్నల్ చదివిండు" అన్న.

"సిగ్నలేందమ్మా?"

చెప్పిన. ఇంజన్ల ఇద్దరుండుడు, చెయ్యి చాపుడు, ఒకరు చెప్తే ఒకరు మళ్ల చెప్పుడు, అంత చెప్పిన. "ఆయన పైనుంచి మొదలువెట్టిండు మేడం. మొదటి గుర్తు చదివిండు, అంతట్లనే మీరు ఆపిండ్లు. ఆపకపోతే కిందిదాక చదివెటోడు" అన్న.

"మరి మీరెందుకన్నరు?"

"నేను స్కూటర్ మీద ఎనుక కూసుంట మేడం" అన్న. 

తలుపు కాడ లైన్ల ఉన్న పాత రైలోళ్లు పకపక నవ్విండ్లు. ఎవరో "నిజమే మేడం, మా ఇండ్లల్ల గూడ గిదే బాధ" అన్నరు. మేడం నవ్వలే. ఈయన దగ్గరికి పోయి, చెవికి ఇనపడేటట్టు అడిగింది. "పెద్దాయనా, ఒక్క గుర్తే చదువుదామనుకున్నరా, అన్ని చదువుదామనుకున్నరా?"

ఈయన ఆమెను ఒక వెర్రి ప్రశ్న అడిగినామెను చూసినట్టు చూసిండు. "ఒక్కటే చదివితే ఎట్ల మేడం? పెద్ద స్టేషన్ల పక్కపక్కనే ఎన్నో సిగ్నళ్లుంటయి. అన్ని చూడాలె, చదవాలె, అండ్ల మనదేదో గుర్తు పట్టాలె. పక్క లైన్ సిగ్నల్ చూసి బండి తీసినోడు మునుగుతడు, ఎనుక కూసున్నోళ్లను ముంచుతడు. చదివినంత మాత్రాన బండి కదలది."

 మేడం గళ్ల అంగీ దిక్కు తిరిగి, "కాగితం మీద ఉన్నది చదివిండు, ఓటు ఇంకా వెయ్యలే. మీరేమంటరు?" అన్నది.

నేను ఆ ఏజెంటునే చూసుకుంట నిలబడ్డ.  ఆయన అంగీ గుండీ పట్టుకొని తిప్పుకుంట, కింద చూసుకుంట అన్నడు. "మా బాపు గూడ ఇంజన్ల చేసిండు మేడం. మోటార్ సైకిల్ మీద మా అమ్మతోటి గిట్లనే అనిపిచ్చెటోడు. ఇప్పుడు బాపు లేడు. మా అమ్మ ఇప్పటికి ఆటోల పోయినా లైట్ చూసి అంటది." మేడం దిక్కు తలెత్తిండు. "నాదేం లేదు మేడం. వెయ్యనియ్యుండ్రి." గొడుగు ఏజెంటు మొకం మాత్రం చూడాలె. అన్ని చదివెటోడు ఓటు ఎవనికేస్తడో అని ఆయనకు కొత్త ఫికర్ పట్టుకున్నది.

"పెద్దాయనా, చేతులు మీ ఇష్టం. నోరు మాత్రం తెరవద్దు" అన్నది మేడం.

ఈయన మళ్ల అట్ట ఎనుకకు పోయిండు. కాగితం తిప్పిండు. గదిల అందరం, ఏజెంట్లు, సిరా పెట్టే తమ్ముడు, తలుపు కాడోళ్లు, ఆయన భుజం దిక్కే చూస్తానం. చెయ్యి లేచింది, చాపిండు, దించిండు. మళ్ల లేచింది, దించిండు. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్కసారి, పైనుంచి కిందిదాక, ఒక్కటి గూడ ఇడిచిపెట్టలే. పెదవులు గట్టిగ మూసుకున్నడు. నేను ఎందుకైనా మంచిదని కొంగు నోట్ల కుక్కుకున్న. ఆఖరికి ముద్ర పట్టుకొని కిందికి వంగిండు. ఏ గుర్తు మీద వంగిండో ఎవ్వరికి తెల్వదు, నాకు గూడ ఇప్పటికి తెల్వదు. అడగలే, ఆయన చెప్పలే.

కాగితం మడిచి డబ్బల ఏసిండు. ఏసినంక గూడ డబ్బ కాడ్నే నిలబడ్డడు. "అయిపోయింది పెద్దాయనా" అన్నది మేడం. స్టేషన్ దాటేటప్పుడు స్టేషన్ మాస్టర్‌కు చెయ్యి చూపిచ్చుడు వాళ్ల రివాజు. ఈయన ఆమెకు అట్లనే చెయ్యి లేపిండు. ఆమె గూడ లేపింది. అప్పుడు నవ్వింది ఆమె, అందాక ఆపుకున్నట్టున్నది.

నా ఓటు నేనేసి బయటికొచ్చిన. ఆయన బడి వరండాల అరుగు మీద కూసొని ఉన్నడు. పోయి పక్కన కూసున్న. తిడుదామనే పోయిన, ఒట్టు. "చెయ్యి ఇటియ్యి" అన్న. ఎడమ చెయ్యి ఇచ్చిండు. వేలు మీది సిరా మరకను అటు తిప్పి, ఇటు తిప్పి చూసిన. "మంచిగ పెట్టిండ్లు" అన్న. ఆయన చెయ్యి గుంజుకోలే.

మోరి సంగతి అడుగుతరేమో. మొన్న తవ్విండ్లు, సగం కట్టిండ్లు, ఆపిండ్లు. ఇప్పుడు మా ఇంట్ల రెండు ఓట్లున్నయి, పోయి అడుగుతానం, కడుతరు. ఓటు రాసుకున్న టీచరమ్మకు బోనాల నాడు కొత్త రవిక గుడ్డ పెట్టిన. పాల దుకాణమాయన దగ్గర్నే ఇప్పుడు పాలు తీసుకుంటానం, ఇంకింత దూరమైనా సరే. ఆ మేడం ఏ ఊరి పంతులమ్మనో తెల్వది, మళ్ల కనపడలే. రూల్ అని చెప్పి కాగితం గుంజుకుంటే ఆమెను ఎవ్వరు ఏమనకపోదురు. ఆమె ఆగి అడిగింది. ఆమె పిల్లాపాపలతోటి సల్లగుండాలని దేవుని దీపం కాడ కూసున్నప్పుడల్ల అనుకుంట.

ఓటేసినంక కాశిబుగ్గకు బయలుదేరినం, బిడ్డకు వేలు చూపిద్దామని. స్కూటర్ మీద సిరా ఏలును హ్యాండిల్‌కు తాకనియ్యకుండ చాపి పెట్టి తోలుతాండు. చౌరస్తాల రెడ్ పడ్డది, ఆగినం. నేను ఎదురుచూసిన. ఆయన చెయ్యి లేవలే, నోరు లేవలే. మేడం మాట ఇంకా పాటిస్తాండా అనుకున్న. గ్రీన్ పడ్డది. బండి కదలలే. ఎనుక నుంచి హారన్లు మొదలైనయి. అద్దంల చూసిన. ఆయన కండ్ల నిండ నీళ్లున్నయి, ముందల ఏం కనపడుతలేదు ఆయనకు.

నేను ఆయన భుజం మీది నుంచి చెయ్యి చాపి, వేలు పెట్టి చూపిచ్చిన.

"గ్రీన్!"

"గ్రీన్" అన్నడు ఆయన. ఎంత మెల్లగ అన్నడంటే, ఎనుక కూసున్న నాకు ఒక్కదానికే ఇనపడ్డది.